ఒకే నంబరు మీద రెండు కంప్యూటర్లు

రిజిస్ట్రేషన్ కార్యాలయంలో గుమాస్తాగా ముప్పై ఏళ్లు చేశాను. ఒకే పొలాన్ని ఇద్దరికి అమ్మిన ఘనులను నా రిజిస్టర్లతోనే పట్టించాను. అటువంటి నేను చేసిన నిర్వాకమిది.

నరసరావుపేటలో మా అపార్ట్‌మెంటుకంతటికీ ఒకటే వైఫై. ప్రతి కంప్యూటరుకూ నెట్‌వర్క్ కార్డుతో పాటు పుట్టిన పన్నెండు అక్షరాల నంబరొకటి ఉంటుంది. ఆ నంబరు కేబులాయన జాబితాకెక్కితేనే నెట్ వస్తుంది. కొత్త కంప్యూటరు కొని, దాని నంబరు ఎక్కించమంటే, ఆయన తొమ్మిది రోజులు "రేపొస్తా సార్" అన్నాడు. తొమ్మిది రేపులూ నా నోటు పుస్తకంలో తేదీలతో ఉన్నాయి. పదో రోజున నేనే సెట్టింగుల్లోకి వెళ్లి, పాత కంప్యూటరు నంబరును కొత్తదానికి పెట్టాను. నెట్ వచ్చింది. ఆ ఘనకార్యమూ రాసుకున్నాను.

పాత కంప్యూటరును కింది వాటాలోని లారీ మెకానిక్ కూతురికి ఇచ్చాను. ఇంజనీరింగ్ సీటు కోసం ఆ పిల్ల కాలేజీల ఆప్షన్లు పెట్టుకోవాలి. మర్నాటి సాయంత్రం ఐదింటితో గడువు సరి.

ఆ మర్నాడు మధ్యాహ్నం, నేను కంప్యూటరులో పేపరు చదువుతుండగా ఆ పిల్ల పైకొచ్చింది.

"తాతయ్యా, నెట్ నిలవట్లేదు. సేవ్ కొట్టేలోపే పోతా ఉంది."

ఒళ్లు మండి, కేబులాయనకు అక్కడికక్కడే మెయిల్లో ఫిర్యాదు పంపి, కంప్యూటరు కట్టేశాను. కింద నెట్ వచ్చిందని ఆ పిల్ల కేకేసింది! నా కలం బలమనుకున్నాను. జవాబు వచ్చిందేమోనని మళ్లీ తెరిచాను. కింద మళ్లీ పోయింది. నాలుగున్నరకు నాలుగు ఫిర్యాదులు పూర్తయ్యాయి.

చేతుల గ్రీజు తుడుచుకుంటూ మెకానిక్ వచ్చాడు.

"సార్, మీరు రాసినప్పుడల్లా పోతంది, మానినప్పుడల్లా వస్తంది. ఇదేందో చూడండి. పోనీ, ఐదు దాకా కోపం ఆపుకోండి."

ఆయన మాట తప్పని రుజువు చేద్దామని నోటు పుస్తకం తెరిచాను. నా దస్తూరీయే సాక్ష్యం చెప్పింది. పాతదాని నంబరు మార్చకుండానే ఇచ్చేశాను. ఒకే నంబరుతో రెండు కంప్యూటర్లు పలికితే వైఫై పెట్టె ఎవరికని ఇస్తుంది? పైగా నెట్‌లో నేను చేసే తప్పేదైనా ఆ పిల్ల కంప్యూటరు లెక్కలోనే పడేది. నా కంప్యూటరు ప్లగ్గు పీకేశాను.

ఐదుకు పది నిమిషాలుండగా కింది నుంచి కేక వినిపించింది: "సేవయింది తాతయ్యా!"

పుస్తకం పట్టుకుని దిగి, జరిగింది చదివి వినిపించాను. మెకానిక్ నవ్వాడు.

"ఒకే పొలం ఇద్దరికి రాశారన్నమాట. చానా అనుభవం గదా సార్!"

మర్నాడు కేబులాయన వచ్చి కొత్త కంప్యూటరు అసలు నంబరు ఎక్కించాడు. రెండు నిమిషాలు పట్టింది. తొమ్మిది రేపుల కింద ఆ రెండు నిమిషాలూ రాసి, ఆయన చేత సంతకం పెట్టించుకున్నాను. దాని కింద నాదీ పెట్టాను.