పులికి ఓవర్‌టైము

ఈ రోజు మరమగ్గాల బస్తీ పద్మనగర్‌లోని మా బడిలో పిల్లల చేత కథలు రాయించాను. నాలుగో తరగతి సుగుణ కథలో రాజు అడవిలో జారిపడ్డాడు, పులి నోరు తెరిచింది. అంతే, కథ ఆగిపోయింది.

"పులి తిన్నదా, లేదా?" అని అడిగాను.

"నా పాళీ అయిపోయింది సార్. మిగిలింది మా చెల్లె పాళీల రాస్తది," అని, మగ్గాల షెడ్డులో పాళీ, అంటే షిఫ్టు, దిగిన మనిషిలా లేచి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం షిఫ్టు బడికి వచ్చిన చెల్లెలు కథ చదివి, నోటుబుక్కు తిరిగి నా చేతికే ఇచ్చింది.

"పడ్డ రాజును నేను తీసుకోను సార్. లేపి నిలవెట్టి ఇయ్యమను. పాళీ మారేటప్పుడు ఖరాబైన మగ్గం మా నాయన గూడ తీసుకోడు."

రేపు బడికి సెలవు. ఎల్లుండిదాకా నోరు తెరుచుకుని నిలబడాల్సిన పులికి ఓవర్‌టైము వస్తుందా? షెడ్డుల్లో పనిచేసేవాళ్లు ఎవరైనా చెప్పండి.