మేక ఒప్పుకోలేదన్న మునియప్ప

మా బళేపేట సందులో సున్నం కొట్టే పెద్దమునియప్ప కిరస్తానంలో కలిసిపోయాడని ఒక మాట తిరుగుతోంది. గాజుల అంగడి పిల్లమ్మ దగ్గర నేను విన్నప్పుడు పాదిరి అతనికి రెండు కంబళ్ళు ఇచ్చాడు. నాలుగిళ్ళు దాటి సుశీల దగ్గరికి వచ్చేసరికి కంబళ్ళు నాలుగయ్యాయి, ఒక పాలపొడి డబ్బా కూడా చేరింది. సాయంత్రానికి అతని పేరు మారిపోయింది. ఆ కొత్త పేరేమిటో మాత్రం ఎవరికీ తెలియదు.

ఇవి యుద్ధం రోజులు. మేమందరం పాత చీరలు నాలుగు మడతలు వేసి కుట్టుకుని కప్పుకుంటున్నాం. మనిషికి నాలుగు కంబళ్ళు ఇచ్చే మతమంటూ ఉంటే మా సందు సందంతా ఎప్పుడో వెళ్ళి వరుసలో నిలబడేది, అందరికంటే ముందు ఈ మాట పుట్టించినవాళ్ళే నిలబడేవాళ్ళు. కాబట్టి కంబళ్ళు అబద్ధమని చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. మిగిలిన సంగతి నేను విచారించాను. విచారించింది విచారించినట్టు రాస్తున్నాను.

మునియప్పకు యాభై ఏళ్ళుంటాయి. కనుబొమల్లో ఎప్పుడూ సున్నం చుక్కలుండటం వల్ల అరవై అనిపిస్తాడు. గోడతో మాట్లాడినంత మనుషులతో మాట్లాడడు. నిచ్చెన మీద ఉన్నప్పుడు కిందినుంచి ఏదైనా అడిగితే, గోడ వైపు తిరిగే జవాబు చెబుతాడు.

సున్నం పని కాక అతనికి ఇంకో పని ఉంది, అది వంశంలో వచ్చింది. సందు చివర మారెమ్మకు ఏటా వైశాఖంలో మేకను ఇస్తాం. దాని వీపు మీద పసుపునీళ్ళు పోసి, అది ఒళ్ళు విదిలించేదాకా పక్కన నిలబడటం మునియప్ప ఇంటివాళ్ళ వంతు. విదిలించిందంటే మేక ఒప్పుకుందని లెక్క. అతను "ఒప్పుకొన్నాదప్పో!" అని అరిస్తేనే కత్తి లేస్తుంది. ఒప్పుకోని ప్రాణిని అమ్మవారు ముట్టదు. ఈ పనికి బదులుగా గుడి వెనకున్న గదిలో అతని తాత ఉన్నాడు, తండ్రి ఉన్నాడు, ఇప్పుడు అతనూ అతని పెళ్ళాం కెంపమ్మా ఉన్నారు.

చన్నీళ్ళు పడితే ఏ మేకైనా విదిలిస్తుంది కదా అని మీరు అడగవచ్చు. నేను ఆరేళ్ళప్పుడే అడిగాను. మా నాయనమ్మ నెత్తి మీద ఒకటి వేసింది. ఎప్పుడైనా విదిలించకపోతే చెవిలో నాలుగు చుక్కలు పడేలా పోస్తారు. అప్పుడు తప్పకుండా విదిలిస్తుంది. ఈ కిటుకు తండ్రి కొడుక్కి రహస్యంగా చెబుతాడు. ఆ రహస్యం మా సందులో పాలు తాగే పిల్లలకు తప్ప మిగతా అందరికీ తెలుసు.

ఇక రేషన్ డిపో వెంకటరాయప్ప సంగతి. పోయిన ఏడు బియ్యంలో ఇసుక వస్తోందని ఎవరో అర్జీ పెట్టారు, ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఇసుక ఎవరిదో, మంచి బియ్యం వెనక తలుపు నుంచి ఎవరింటికి పోయాయో మాకు తెలియనిది కాదు. మాలో సగం మంది ఆ వెనక తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళమే. కానీ ఇన్‌స్పెక్టరు "తూకం వేసిన చెయ్యి ఎవరిది?" అని అడిగాడు. తూకం వేసేది జయరామప్ప. నోట్లో నాలుక లేని మనిషి. ఇసుకను అతను చూశాడే కానీ కలపలేదు. ఆరు నెలలు లోపల వేశారు. సందంతా "అయ్యో పాపం" అంది, అని హాయిగా ఊపిరి పీల్చుకుంది. వెంకటరాయప్ప జయరామప్ప ఇంటికి నెల నెలా బియ్యం పంపించాడు. అందులో కూడా ఇసుక ఉందని ఆ ఇంటివాళ్ళే చెప్పారు.

తరువాత వెంకటరాయప్పకు మెడ మీద పుండు లేచింది. మెడ తిరగదు. ఎవరైనా పిలిస్తే ఎడ్లబండి తిరిగినట్టు మనిషంతా తిరగాలి. ఇది మారెమ్మ కోపమని పూజారి కదిరప్ప చెప్పాడు. మచ్చలేని నల్లమేకను ఇస్తే డిపో దోషం, దానితోపాటు సందు దోషం కూడా పోతాయన్నాడు. సందు దోషం కూడా అనేసరికి అందరికీ భక్తి కలిగింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మునియప్పకు దండులో, అంటే తెల్ల సిపాయిలుండే పేటలో, ఒక చర్చికి సున్నం కొట్టే పని దొరికింది. వాళ్ళ ఈస్టరు పండుగ దగ్గర పడింది. అక్కడ ఏం జరిగిందో, ఈ కంబళ్ళ మాట పుట్టాక కెంపమ్మ నాకు చెప్పింది. ఆమె చెప్పింది సగమే నమ్మి, మిగతా సగం కోసం జట్కా కట్టించుకుని నేనే దండుకు వెళ్ళాను. పాదిరి మదనపల్లె వైపు తెలుగాయన. నన్ను చూసి చేరడానికి వచ్చాననుకుని కుర్చీ వేయించాడు. విచారించడానికి వచ్చానని తెలిశాక కూడా కుర్చీ తీయించలేదు, అది ఆయన మంచితనం.

ఆయన చెప్పింది ఇది. శుక్రవారం నాడు ఆయన తన జనానికి ప్రసంగం చేస్తున్నాడు. ఏ పాపమూ ఎరగని ఒకాయన, లోకం చేసిన పాపమంతా తన మీద వేసుకుని, బలికి తెచ్చిన గొర్రెపిల్లలా నోరు తెరవకుండా చనిపోయాడని చెబుతున్నాడు. మునియప్ప వెనక వాకిట్లో సున్నం బానతో నిలబడి విన్నాడు. జనం వెళ్ళిపోయాక దగ్గరికి వచ్చాడు.

"అయ్యా, ఒక మాట. ఆ గొర్రెపిల్ల ఒప్పుకొన్నాదా?"

పాదిరికి అర్థం కాలేదు. మునియప్ప తన వంశపు పనిని, నీళ్ళను, విదిలించడాన్ని అన్నీ విడమరిచి చెప్పాడు. పాదిరి నవ్వాడట.

"ఆయన నిజంగా గొర్రెపిల్ల కాదప్పా, దేవుని కుమారుడు."

"ఎవురి కొడుకైనా ఒప్పుకోవల్ల గదయ్యా. ఒప్పుకొన్నాడా, లేకపోతే సుమ్నే, ఊరికే ఈడ్చుకొని పోయినారా?"

అప్పుడు పాదిరి నవ్వు మానేశాడు. పట్టుకుపోయే ముందు ఆయన ఒక తోటలో నేలకు ముఖం ఆనించి, ఈ చేదు గిన్నె నాకు తప్పించు తండ్రీ అని వేడుకున్నాడని చెప్పాడు.

"అయితే ఒప్పుకోలేదు," అన్నాడు మునియప్ప, బాన ఎత్తుకుంటూ.

"ఆగప్పా! ఆ తరువాత, నా ఇష్టం కాదు, నీ ఇష్టమే కానీ అన్నాడు."

"ఒక్క తూరే అన్నాడా?"

"మూడుసార్లు అదే ప్రార్థన చేశాడు."

"మూడు తూర్లూ తొందరపెట్టకుండా పక్కన నిలబడినారా? నడమ ఎవురూ చెవిలో నీళ్ళు పొయ్యలేదు గదా?"

"ఎవరూ పోయలేదు."

"సరే. అట్ల ఒకసారి ఇచ్చింది ఎన్నేండ్లకు వస్తాది?"

"ఎప్పటికీ సరిపోతుంది. మళ్ళీ ఇవ్వనక్కర్లేదు."

మునియప్ప ఆ రోజు సగం గోడే కొట్టి వచ్చేశాడు. "అమ్మా, ముప్పై ఏళ్ళుగా ప్రసంగాలు చేస్తున్నాను," అన్నాడు పాదిరి నాతో. "మా వాళ్ళకు ఆయన చనిపోయాడన్న మాట ఒక్కటే కావాలి. మనసారా ఒప్పుకున్నాడా అని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు."

తిరిగివస్తూ జట్కాలో ఆలోచించాను. మేం ఏటా కొత్త తప్పులు చేస్తాం కాబట్టి ఏటా ఒక మేక కావాలి. వాళ్ళు ఒక్క బలితో సరిపెట్టుకున్నారు. అంతమాత్రాన కొత్త తప్పులు చేయడం మానినట్టు దండు బజారు తూకాలు చూస్తే అనిపించదు. కానీ ఆ బలి అయినాయన చెవిలో ఎవరూ నీళ్ళు పోయలేదు. ఆ ఒక్క విషయంలో వాళ్ళు మాకంటే మెరుగు, ఒప్పుకోవాలి.

ఇక మళ్ళీ మేక సంగతి. ఆ ఈస్టరు దాటి వైశాఖం వచ్చింది. నల్లమేక వచ్చింది, డోళ్ళు వచ్చాయి. ఇంటింటా మసాలా నూరి ఉంది, మా ఇంట్లోనూ ఉంది. మునియప్ప మొదటి చెంబు పోశాడు. మేక కళ్ళు మూసుకుంది. రెండోది పోశాడు. నెమరు వేసింది. మూడోది పోసేసరికి వెంకటరాయప్ప చేతిలో ఉన్న పూలదండ అందుకుని తినడం మొదలుపెట్టింది. డోళ్ళవాళ్ళ చేతులు నొప్పి పుట్టాయి. ఒక గంటయింది. కదిరప్ప పక్కకు వచ్చి గుసగుసగా అన్నాడు.

"చెవప్పా, చెవి!"

మునియప్ప చెంబు బోర్లించి నేల మీద పెట్టాడు. "ఒప్పుకోలేదు," అన్నాడు.

వెంకటరాయప్ప మనిషంతా తిరిగాడు. "ఏందిరా ఒప్పుకోలేదంటే? దుడ్డు పెట్టి తెచ్చినా గదా!"

"నువ్వు తెచ్చినావు స్వామీ. అది ఒప్పుకోలేదు."

"ఇన్నేండ్లూ అన్నీ ఒప్పుకొన్నాయి, దీనికేం వచ్చెరా రోగం?"

"ఇన్నేండ్లూ నేను చెవిలో పోసినా."

అందరికీ తెలిసిన మాటే. అయినా పైకి అనేసరికి, పది మందిలో పంచె జారినట్టయింది. ఎవరూ ఎవరి ముఖం చూడలేదు.

మునియప్ప గొంతు పెంచలేదు. "జయరామప్పను లోపలికి పంపిస్తివి. ఆయప్ప ఒప్పుకొన్నాడా? ఈడుండే మనమెవురన్నా నిలబడి అడిగినామా? అది చాలలేదని ఇప్పుడు దీన్ని తెస్తివి. ఒక తప్పుకు ఎంతమంది స్వామీ?"

వెనకనుంచి ఒక ఆడగొంతు వినిపించింది: "అయితే నూరిన మసాలా ఏం చేసేది?" ఆ గొంతు మా కోడలు సావిత్రమ్మది. దాచను.

మేకను విప్పేశారు. అది డిపో ముందుకే వెళ్ళి పడుకుంది.

ధర్మం అంత తేలిగ్గా ఓడిపోదు. వారం తిరిగేసరికి కదిరప్ప తన బావమరిదిని నీళ్ళు పోయడానికి నిలబెట్టాడు. డిపో ముందునుంచి పట్టుకొచ్చిన ఆ నల్లమేకే ఈసారి ఎంత భక్తి గలదంటే, చెంబు వంగకముందే ఒప్పుకుందని బావమరిది అరిచాడు. అందరం తిన్నాం. నేనూ తిన్నాను. ముక్క ఉడకలేదు. వెంకటరాయప్ప పుండును ఆ తరువాత ఆసుపత్రిలో కోసి కట్టుకట్టారు, పేరు మారెమ్మకు వచ్చింది.

ఇక గది మిగిలింది. కొత్తగా నీళ్ళు పోసేవాడికి గది ఇవ్వాలి. కానీ మునియప్పను ఏమని పంపడం? నిజం చెప్పాడని తాతల నాటి హక్కు తీసేస్తే నలుగురూ నవ్వుతారు. దేవుణ్ణి వదిలేసినవాడికి దేవుడి గది ఎందుకంటే నలుగురూ తల ఊపుతారు. అప్పుడు పుట్టాయి ఆ కంబళ్ళు. నేను ఒక్కో ఇంటినీ వెనక్కి పట్టుకుంటూ పోయాను. సుశీలకు పిల్లమ్మ చెప్పింది, పిల్లమ్మకు కదిరప్ప పెళ్ళాం చెప్పింది, ఆమె విన్నది వెంకటరాయప్ప ఇంటి అరుగు మీద. అక్కడితో దారి ఆగిపోయింది.

నేను ఆ అరుగు మీదికే వెళ్ళి అడిగాను. "ఏమప్పా, పాలపొడి డబ్బా నువ్వు చూసినావా?"

"చూసేదేముంది దొడ్డమ్మా, ఊరంతా అంటా ఉండాది."

"ఊరికి చెప్పింది నువ్వే గదా."

వెంకటరాయప్ప దగ్గాడు. పక్కనే కూర్చున్న కదిరప్పతో కళ్ళతోనే ఏదో మాట్లాడుకున్నాడు. తరువాత నన్నే రాయబారం పంపాడు. మునియప్ప గుడి ముందు నిలబడి, నేను వాళ్ళలో కలవలేదు, ఆ పొద్దు మేక ఒప్పుకుంది, నేనే సరిగా చూడలేదు అని రెండు మాటలు చెబితే చాలు. గది అతనిదే. శుక్రవారం లోపల చెప్పాలి. లేకపోతే తాళంచెవి ఇచ్చేసి పోవాలి.

గురువారం మధ్యాహ్నం వెళ్ళాను. కెంపమ్మ గిన్నెలన్నీ ఒక పాత దుప్పట్లో పెట్టి మూట కడుతోంది. మునియప్ప గడప మీద కూర్చుని కుంచె కడుగుతున్నాడు. నేను వెంకటరాయప్ప మాట చెప్పాను. కెంపమ్మ చెయ్యి మూట మీదే ఆగింది.

"చెప్పరాదా ఆ రెండు మాటలు?" అంది మొగుడితో. "యలహంకలో మా తమ్ముడింట్లో పశువుల కొట్టం తప్ప చోటు లేదు దొడ్డమ్మా. ఈ వయసులో ఆవుల పక్కన పండుకొనేదా నేను? మేక ఒప్పుకోలేదంట, నేను మాత్రం అన్నిటికీ ఒప్పుకోవల్లనంట!"

ఆ మాటకు మునియప్ప తల ఎత్తాడు. ఆమె వైపు తిరిగాడు. "నిన్ను అడగలేదు కెంపీ. తప్పే," అన్నాడు. "ఇప్పుడు అడుగుతా ఉండా. ఆ మాట నేను చెప్పల్లనా?"

కెంపమ్మ ముక్కు చీదింది. అతని ముఖం చూసింది, మూట చూసింది. "చెప్పొద్దులే," అని ముడి బిగించింది. "ఆవులు నయం."

నాకు కావలసింది ఇంకా ఒకటుంది. అది తెలియకుండా ఇంటికి పోతే నాకు అన్నం సహించదు. "మునియప్పా, గది సంగతి అట్లుండనీ. నాకు మాత్రం నిజం చెప్పు. నువ్వు వాళ్ళల్లో కలిసినావా, లేదా?"

అతను కుంచె విదిలించి గోడకు ఆనించాడు. నడుముకున్న తాళంచెవి విప్పి నా చేతిలో పెట్టాడు.

"పాదిరప్ప నా నెత్తిన నీళ్ళు పోసి కలుపుకొంటానంటా ఉండాడు దొడ్డమ్మా. పొయ్యప్పా, వద్దనను అన్నా. పోసినాక మాత్రం నేను విదిలించేదాకా తొందరపెట్టకుండా పక్కన నిలబడల్ల, అది నీకు చాతనయితే చెప్పంపు అన్నా."