జానకిరామయ్యగారి మారు

జానకిరామయ్యగారు మారు అడగకుండా ఏ పనీ ముగించేవారు కాదు. క్షవరం అయిపోయాక కూడా "ఎడమ బుగ్గకి కాస్త మారు వెయ్యవోయ్" అనేవారు. రిటైరైన పోస్టుమాస్టరు. మనిషి పొట్టి, గొంతు మాత్రం గుడిగంట.

ఎనభైల్లో గుంటూరు మార్కెట్టు దగ్గర శ్యామలాంబ మెస్సులో ఆ గొంతు మోగని మధ్యాహ్నం లేదు. "ఇటు పప్పు మారు! సాంబారు మారు!" ఒకసారి టిక్కెట్టు కొంటే ఎన్నిసార్లయినా వడ్డించడం అక్కడి ఆచారం. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న శ్యామలాంబకు మాత్రం ఆ కేకకొక గరిటె తన గుండెల్లోంచి తోడుతున్నట్టుండేది.

ఎదురుగా కొత్తగా ఫాస్ట్ ఫుడ్ సెంటరు వెలిసింది. నూడుల్సు ధర పండక్కోసారి పెరిగేది. అయినా జనం ఎగబడేవారు. ఓసారి జానకిరామయ్యగారూ వెళ్ళి, ఖాళీ అయిన ప్లేటొకటి ముందుకు చాచారు.

"మారు!"

"మళ్ళీ డబ్బులు కట్టాలండీ," అన్నాడు యజమాని.

"ఈ డబ్బుకి మా మెస్సులో పెరుగన్నం దాకా తిని, ఓ కునుకు కూడా తీసి రావచ్చు. నువ్వేమిటయ్యా, నిలబెట్టి తినిపించి తరిమేస్తున్నావు!"

బజారంతా నవ్వింది. శ్యామలాంబకు నవ్వు రాలేదు. కందిపప్పు ధర మండిపోతోంది, గిరాకీ ఎదుటివాడికి పోతోంది. ఇలాగే సాగితే మెస్సుకి తాళమే.

"ఇవాళ్టితో మారు బంద్," అంది వడ్డించే రామాంజనేయులుతో.

"జానకిరామయ్యగారికి ఎవరు చెప్తారమ్మా?"

"నేనే చెప్తా. ఆ తిండిపోతు సంగతి ఇప్పుడే తేలుస్తా."

"ఇటు అన్నం మారు!" కేక వినబడగానే, వడ్డించబోతున్న రామాంజనేయులు చేతిలోంచి బేసిను లాక్కుని తనే వెళ్ళింది. తీరా చూస్తే ఆయన విస్తరి మీద అరచెయ్యి అడ్డంగా ఉంది. కళ్ళు పక్క విస్తరి చూపిస్తున్నాయి.

"నాక్కాదు తల్లీ, ఈ బుల్లయ్యకి. మార్టూరు నుంచి తెల్లారకముందే మిరపబస్తాలతో బయల్దేరాడట. అడగడానికి సిగ్గు."

"మరి మీకు?"

"షుగరమ్మా. పిడికెడు దాటితే డాక్టరు తిడతాడు."

ఇన్నేళ్ళూ పక్కవాళ్ళ కోసం అందరికంటే గట్టిగా అరిచి, అందరికంటే తక్కువ తిన్నది ఈయనా! శ్యామలాంబ బుల్లయ్య విస్తరి నింపింది. తర్వాత నెమ్మదిగా అంది:

"మారు ఆపలేనండీ. టిక్కెట్టు మీద అర్ధరూపాయి పెంచుతాను."

"రూపాయి పెంచు! అప్పటికీ ఆ నూడుల్సు ధరలో సగం ఉండదు. ఏమంటావు బుల్లయ్యా?"

నోటినిండా అన్నంతో బుల్లయ్య తలూపాడు. ముద్ద మింగి, గొంతు సవరించుకుని, పంక్తి అంతా ఉలిక్కిపడేలా కేకేశాడు.

"అమ్మా, ఇటు గోంగూర మారు!"

జానకిరామయ్యగారు తన విస్తరిలోనే వడ్డించినంత సంబరపడ్డారు.