ఏటి ఒడ్డు రోడ్డుకు ఏడో మోరీ

కిషన్‌బాగ్‌ల మూసీ ఒడ్డెంబడి పోయే మా రోడ్డు రెండు కిలోమీటర్లు కూడ ఉండదు. మెయిన్ రోడ్డు మీదికెళ్లి ధోబీఘాట్ దిక్కు దిగుతది. దర్గా గోడను ఒరుసుకుంట వంపు తిరుగుతది. బర్ల కొట్టాల ముంగటికెళ్లి, గడ్డి మడుల పక్కకెళ్లి పోయి, కొత్త బ్రిడ్జి కాడ ఇంకో పెద్ద రోడ్డుల కలుస్తది. అంతే. స్కూటీ మీద పోతె ఇట్ల ఎక్కినట్టు అట్ల దిగినట్టు ఉంటది.

అయినా అది స్టేట్ రోడ్డు. చుట్టుపక్కల గల్లీలన్నీ మున్సిపాలిటీవి. మాదొక్కటి రాష్ట్రం చూసుకునే రోడ్డు. రెండు పెద్ద స్టేట్ రోడ్లను కలుపుతది కాబట్టి ఇది కూడ వాటి ఖాతాలనే పడ్డదని తర్వాత ఆఫీసుల తెలుసుకున్న. చిన్నప్పుడు నాకు తెలిసిందల్లా, రోడ్డు మొదట్ల ఆకుపచ్చ టోపీ పెట్టినట్టు రంగేసిన కిలోమీటరు రాయి ఉంటదని, గసుంటి రాయి ఇంకే గల్లీల లేదని. స్కూల్ల ఎవరన్న "మీ ఇల్లు యాడ?" అంటె "స్టేట్ రోడ్డు మీద" అని గర్వంగ చెప్తుంటి. బర్ల కొట్టం మాదేనని మాత్రం చెప్పకపోతుంటి.

మా నాయనమ్మ చెప్పేది, వెనుకట ఇది ధోబీల గాడిదలు నడిచిన దారేనంట. నిజాం జమానాల ఏటి నీళ్లు ఊర్లకు రాకుండ కట్ట పోసిండ్రు, ఆ కట్ట మీద బండ్లు నడిచినయి, బండ్ల కోసం రాళ్లు పరిచిండ్రు, రాళ్ల మీద తారు పడ్డది. తారు మీద మళ్ల తారు. గట్ల ప్రతి సారి రోడ్డు జర జర ఎత్తయింది. మా తాత కట్టినప్పుడు రోడ్డుతోని సమానంగ ఉన్న కొట్టం ఇప్పుడు మూడు మెట్లు కిందికి ఉన్నది. బాపు పొద్దుగాల పాల క్యాన్లు సైకిల్‌కు తగిలిచ్చుకోని ఆ మూడు మెట్లు ఎక్కిచ్చి, ఈ రోడ్డు మీదికెళ్లే పత్తర్‌గట్టి హోటళ్లకు పోతుండె. అక్కడి చాయ్‌ల సగం మా బర్లదే అని నవ్వుకుంట చెప్తుండె. బాపు పోయినంక అమ్మ ఒక్కతే నాలుగు బర్లను చూసుకుంటున్నది.

నేను డిప్లొమా చదివిన. రోడ్ల ఆఫీసుల వర్క్ ఇన్‌స్పెక్టర్‌గ చేరిన. పెండ్లయినంక జల్‌పల్లి దిక్కు చిన్న ప్లాటుల ఇల్లు కట్టుకున్నం, అక్కడికెళ్లి రోజు స్కూటీ మీద వస్త పోత. కొన్నేండ్లు వేరే రోడ్లు చూసినంక నన్ను ఏటి ఒడ్డు సెక్షన్‌కు ఏసిండ్రు. అంటె మా రోడ్డు నా చేతికే వచ్చింది. కొత్తగ వచ్చిన ఏఈ సార్, అంటె మా సెక్షన్ ఇంజనీరు, నాకంటె చిన్నోడు, బుద్ధిమంతుడు. మొదటి రోజు అడిగిండు, "ఎక్కడుంటరు మేడమ్?" అని. "జల్‌పల్లి సార్" అన్న. అది నిజమే. కానీ ఆ మాట చెప్పేటప్పుడు మా అమ్మ కొట్టం ముంగటనే నిలబడి ఉన్నం. లోపటికెళ్లి పేడ వాసన వస్తుండె. అమ్మ గడ్డికి పోయి ఉండె కాబట్టి సరిపోయింది.

ఆ ఏడు వానాకాలం మొదలైంది. మా రోడ్డుకు ఒక రోగం ఉన్నది. ఎగువ కాలనీలల్ల పడ్డ వాన నీళ్లన్నీ రోడ్డు కిందికెళ్లి మోరీలల్ల దూరి ఏట్ల కలవాలె. రికార్డుల ఆరు మోరీలున్నయి. కానీ దర్గా దాటినంక ఒక వంపు కాడ నీళ్లకు దారి లేదు. గట్టి వాన పడితె చాలు, నీళ్లు అక్కడ చెరువు లెక్క నిండి ఇండ్లల్లకు పోతయి, ఆఖరికి రోడ్డునే కోసుకోని ఏట్లకు దుంకుతయి. రెండేండ్లు వరసగా గట్లనే అయింది, రెండు సార్లు కంకర పోసి పూడ్సిండ్రు. ఈ మూడో సారి ఆ వంపు కాడ రోడ్డు వెడల్పుల సగం కొట్టుకపోయింది.

ఆ పొద్దు నేను పోయేసరికి ఏఈ సార్ టేపు పట్టుకోని బురదల నిలబడ్డడు. రోడ్డును అడ్డంగ కోసి పైపులేయాలె, ఎస్టిమేట్ పోవాలె, మంజూరు రావాలె, అందాక రోడ్డు బంద్ అని నాకు చెప్తుండు. బంద్ అంటె పాల బండ్లు, స్కూల్ ఆటోలు, దర్గాకు వచ్చేటోళ్లు అందరు చుట్టు తిరిగి పోవాలె. జనం గుమిగూడి లొల్లి చేస్తుండ్రు.

అప్పుడే అమ్మ వచ్చింది. నెత్తి మీద పచ్చగడ్డి మోపు, చీర మోకాళ్ల కాడికి ఎగజెక్కుకున్నది, కాళ్లకంతా బురద. నా పక్కకు వచ్చి మోపు దించకుండనే అన్నది.

"గాడ పైపులెందుకు బిడ్డా? గీడ కమాను మోరీ ఉన్నది గదా. దాని నోరు తెరువుండ్రి, నీళ్లు పోతయి."

ఏఈ సార్ తల తిప్పి చూసిండు. జనం చూసిండ్రు. నా మొఖం ఎర్రగైంది.

"అమ్మా, మీరు జర పక్కకు జరుగుండ్రి. పని నడుస్తున్నది" అన్న.

మా అమ్మను పుట్టి బుద్ధెరిగినంక నేను 'మీరు' అన్నది గప్పుడే. అమ్మ ఒక్క నిమిషం నన్ను చూసింది. మోపు సరిచేసుకోని పక్కకు జరిగి, మెల్లగ కొట్టం దిక్కు పోయింది.

"ఎవరామె?" అన్నడు ఏఈ సార్.

"ఇక్కడోళ్లే సార్" అన్న.

ఆ రోజంతా నేనేం కొలిచిన్నో, ఏం రాసిన్నో నాకే తెల్వదు. సాయంత్రం డ్యూటీ కాంగనే సీదా కొట్టంకు పోయిన. అమ్మ బర్రె పొదుగు కడుగుతుండె. నేను మెట్ల మీద కూసున్న. మాఫీ అడుగుదామని వచ్చిన. అమ్మనే ముందు మాట్లాడింది.

"ఆఫీసుల గట్లనే అనాల్నేమో అనుకున్న బిడ్డా. నేను నడుమల వచ్చుడు తప్పే."

ఆమె తిట్టి ఉంటె బాగుండు. నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ చేతులు తుడుచుకోని వచ్చి పక్కన కూసుంది. "ఏందే, గింత దానికి?" అని వీపు మీద చెయ్యేసింది. జరసేపు అయినంక కండ్లు తుడుసుకోని అడిగిన.

"అమ్మా, కమాను మోరీ నిజంగ ఉన్నదా?"

"ఉన్నదా అంటవేందే! నేను కొత్తగ కాపురానికొచ్చినప్పుడు బర్లను ఏట్లకు తోలుకపోతుంటి. ఒకనాడు రాళ్ల వాన పడ్డది. బర్లను, నన్ను కాపాడింది ఆ కమానే. లోపట నిలబడితె తల తాకకుండె. రాళ్లతోని కట్టిన కమాను, పెద్ద ఇంటి దర్వాజ లెక్క. రోడ్డు ఎత్తు చేసినప్పుడు ఒక దిక్కు మట్టి పోసిండ్రు, ఇంకో దిక్కు ఎవరెవరో ఇండ్లు కూలగొట్టిన మలమ తెచ్చి పోసిండ్రు. కనపడకుంట పోయింది. పోయింది అంటె యాడికి పోతది? ఆడనే ఉంటది."

"జాగ చూపెడ్తవా?"

"ఎందుకు చూపెట్ట?"

మర్నాడు పొద్దుగాల ఏఈ సార్ రాంగనే ఎదురుపోయిన. రాత్రంతా ఎట్ల చెప్పాల్నో అనుకున్న మాటలన్నీ మర్చిపోయి ఒక్క సారే చెప్పేసిన.

"సార్, నిన్న గడ్డి మోపుతోని వచ్చినామె మా అమ్మ. ఆ కొట్టం మాదే. నేను ఈ రోడ్డు మీదనే పుట్టిన. నిన్న మీతోని చెప్పలేదు, తప్పయింది. ఇక్కడ ఏడో మోరీ ఉన్నదంటున్నది. మా అమ్మ ఉట్టిగ అనదు సార్."

ఆయన నన్ను చూసిండు, రిజిస్టర్ తెరిసి చూసిండు. "ఆరే ఉన్నయి కదా మేడమ్."

"మధ్యాహ్నం దాంక జేసీబీ ఇయ్యుండ్రి సార్. దొరకకపోతె మీరన్నట్టే చేద్దాం."

రిజిస్టర్ మూసిండు. "పిలవండి అమ్మను" అన్నడు.

అమ్మ ఉతికిన చీర కట్టుకోని వచ్చింది. కోసుకపోయిన జాగ కాడికి పోకుండ సీదా ఏటి అంచుకు నడిసింది. మెడ ఎత్తి ఏటి అవతలి దిక్కు చూసుకుంట నాలుగడుగులు ఇటు, రెండడుగులు అటు వేస్తున్నది. జనం నవ్వుతుండ్రు. ఏఈ సార్ అడిగిండు, "ఏం చూస్తున్నరు అమ్మా?"

"అవతల రెండు రాతి గుండ్లు కనపడుతున్నయా సారూ, ఆ బిల్డింగుల సందుల? పెద్ద గుండు వెనుక చిన్న గుండు పూర్తిగ దాక్కునే జాగ ఒక్కటే ఉంటది. ఆ జాగల నిలబడితె కమాను సరిగ్గ నీ వెనుక ఉంటది. బర్లను తోలుకోని ఏట్లకెళ్లి ఎక్కేటప్పుడు గట్లనే గుర్తు పెట్టుకుంటుంటి."

ఏఈ సార్ పోయి అమ్మ పక్కన నిలబడి చూసిండు. ఇంకో అడుగు జరిగిండు. నా దిక్కు తిరిగి, "మేడమ్, ఇది సర్వేనే. మేం మిషన్ పెట్టి చేసేది అమ్మ కండ్లతోని చేస్తున్నరు" అన్నడు. ఆ మాట విని నేను నిలబడే తీరే మారిపోయింది.

కోసుకపోయిన జాగకు అది ఇరవై అడుగుల దూరం. జేసీబీ నడిపే భాయ్ తవ్వుడు మొదలు పెట్టిండు. ఇటుక ముక్కలు, విరిగిన టైల్సు, ప్లాస్టిక్ సంచులు వచ్చినయి. ఒక గంట తవ్విండు. మలమ తప్ప ఏం లేదు. జనంల ఒకాయన "ముసలామె మాట విని డీజిల్ ఖరాబ్" అన్నడు. భాయ్ కూడ మిషన్ ఆపి కిందికి చూసి, "అమ్మా, ఇధర్ తో కుఛ్ నై" అన్నడు. ఇక్కడైతె ఏం లేదని.

అమ్మకు మాత్రం ఫికర్ లేదు. ఒంగి గుంతలకు చూసింది, మళ్ల రోడ్డు దిక్కు చూసింది.

"అప్పుడు ఒడ్డు గింత ముంగటికి లేకుండె భాయ్. మలమ పోసి పోసి ఏరునే నూకేసిండ్రు. లోపటికి తవ్వు, రోడ్డు దిక్కు."

భాయ్ ఏఈ సార్ దిక్కు చూసిండు. సార్ గడియారం చూసుకోని తలూపిండు. మిషన్ జరిగింది. నాలుగో బకెట్‌కో ఐదో బకెట్‌కో టక్కుమని చప్పుడొచ్చింది. మలమ చప్పుడు కాదది, రాయి చప్పుడు. భాయ్ టక్కున మిషన్ ఆపి, తానే కిందికి దుంకి, చేతులతోని మట్టి తీసిండు. చెక్కిన నల్లరాయి, దాని పక్కన ఇంకో చెక్కిన రాయి, నడుమ గచ్చు. వంపు తిరిగి ఉన్నయి.

"కమాన్ హై! అమ్మా, కమాన్ హై!" అని అరిసిండు.

ఇంక మిషన్ పెట్టొద్దన్నడు ఏఈ సార్, రాళ్లు కదులుతయని. కూలీలు పారలు పట్టిండ్రు. నేను కూడ పార పట్టిన. ఎవరు పిలవకుండనే కాలనీలోళ్లు, దర్గా కాడి పూల దుకాణమామె, ఇంతకు ముందు డీజిల్ ఖరాబ్ అన్నాయన కూడ తట్టలందుకున్నరు. మధ్యాహ్నం గడువు ఎప్పుడో దాటిపోయింది, ఎవరు మాట తియ్యలేదు. ఏటి దిక్కు నోరు తెరిసినంక, ఎగువ దిక్కు మట్టి తీసిండ్రు. మొదలు సన్నగ ఒక ధార వచ్చింది. తర్వాత లోపట ఏందో కదిలినట్టు గుడగుడమన్నది. నల్లటి నీళ్లు ఒక్కసారే దుంకినయి. ఎన్నేండ్ల చెత్తనో ముంగట తోసుకుంట ఏట్లకు పోయినయి. కాలనీల నిలిచిన నీళ్లు పొద్దుగూకకముందే దిగిపోయినయి.

కమాను ఒక్క రాయి కూడ జారలేదు. పై సార్లు వచ్చి చూసిండ్రు, టార్చి ఏసుకోని లోపటికి పోయిండ్రు. పైపులు అవసరం లేదన్నరు. కొట్టుకపోయిన భాగం రాళ్లతోని కట్టిచ్చిండ్రు, మీద తారు పోసిండ్రు. వారంల మళ్ల బండ్లు నడిచినయి.

రిజిస్టర్ల రాసే పని నాది. ఆరో నంబరు కింద గీత గీసి ఏడో నంబరు రాసిన. 'రాతి కమాను, వాడుకల ఉన్నది' అని రాసి, పేరు అనే గడి కాడ ఆగిన. మిగతా ఆరింటికి ఆ గడి ఖాళీగనే ఉన్నది. ఏఈ సార్ వెనుకకెళ్లి చూసి, "అమ్మ ఏమంటరో అదే రాయండి" అన్నడు. 'కమాను మోరీ' అని రాసిన. నా చేతి రాత అంత మంచిగ ఎప్పుడు రాలేదు.

తర్వాత ఒక ఆదివారం ఏఈ సార్ అమ్మను తోలుకోని ఈ చివరికెళ్లి ఆ చివర దాంక రోడ్డంతా నడిసిండు. ఎండకని గొడుగు తానే పట్టిండు. ఎక్కడ ఒడ్డు జారుతది, ఎక్కడ కట్ట కింద ఊట ఉన్నది, ఏ మూల మీద బర్లు కాలు పెట్టయి, అన్నీ అమ్మ చెప్తుంటె నేను వెనుక నడుసుకుంట నోట్ చేసుకున్న. నడుమల పాల బండాయన ఆపి, "ఎవరు సార్ గీ అమ్మ?" అని అడిగిండు. ఏఈ సార్ నోరు తెరవకముందే నేను చెప్పిన.

"మా అమ్మ. గా కొట్టం మాది."

ఆ సార్ ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ అయి పోయిండు. మొన్న కొత్త సార్ వచ్చిండు. ఛార్జి తీసుకోని రోడ్డు మీదికి వచ్చిన పొద్దుగాల, బండి దిగంగనే నన్ను అడిగిన మొదటి మాట, "మేడమ్, మీ అమ్మగారు ఉన్నారా? ముందు ఆమెతో ఒకసారి నడవమని పాత సార్ చెప్పిండ్రు" అని.

నేను మూడు మెట్లు దిగి లోపటికి పోయి చెప్పిన. అమ్మ పాలు పిండుతున్నది, తల కూడ ఎత్తలేదు.

"ఈ బర్రె అయినంక వస్తనని చెప్పు. సార్‌ను చాయ్ తాగుమను, పాలు పంపిస్త" అన్నది.