సుంకులమ్మ దగ్గరికి పంపింది నేనే

జమ్మలమడుగులో మా చర్చి సంఘం వాళ్లు ఒక కథ చెబుతారు. దారి తప్పి విగ్రహానికి మొక్కిన తోడికోడలిని, పాత నిబంధన అంతా నోటికి వచ్చిన ఒక పంతులమ్మ గద్దించి, ఏడిపించి, మళ్లీ దేవుడి దారిలో పెట్టిందట. ప్రొద్దుటూరు సభల్లో ఈ కథను రెండుసార్లు నా చేతనే చెప్పించారు. ఆ పంతులమ్మను నేనే. కథ అబద్ధం. పదకొండేళ్లుగా మోస్తున్నాను. జాలిపడకండి. దించాల్సిన చోటు తెలిసే దించలేదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. మా పాపకు ఐదేళ్లు. అమ్మవారు పోసింది. ఇక కనిపెట్టుకుని ఉండటం తప్ప చేసేదేమీ లేదని డాక్టరమ్మ చెప్పింది. మూడో రోజుకు పాప కళ్లు మూసుకుపోయాయి. నేను బి.ఎ. చదివినదాన్ని, మశూచి ఎందుకు వస్తుందో బడిలో పాఠం చెప్పినదాన్ని. అయినా వంటింట్లోకి పోయి పెరుగన్నం కలిపాను. మా మరిది భార్య శాంతమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. గిన్నె, వేపమండలు ఆమె చేతిలో పెట్టాను.

"సుంకులమ్మ కాడ పెట్టిరా."

ఆమె గిన్నె వైపు, నా వైపు చూసింది. "నువ్వేనా అక్కా ఈ మాటనేది? మొన్న ఆదివారమే గదా, బైబిల్లో బంగారు దూడకు మొక్కినోళ్లను నిలబెట్టి కడిగితివి?"

"చెప్పింది చెయ్యి. నాకు పాఠాలు చెప్పొద్దు."

"చెప్పేంత చదువు నాకు యాడుంది? పాప బతికితే అంతే చాలు. రేపు దేవుడు అడిగితే ఏమని చెప్పేది?"

"దేవునికి నేను చెప్పుకుంటాలే. నువ్వు పో."

పోయింది. పాప బతికింది. ఎవరి వల్లో నేను వాదించను. కళ్లు కూడా దక్కాయి. కానీ చర్చి వాళ్లెవరో శాంతమ్మను ఊరి దేవత సుంకులమ్మ రాతి ముందు చూశారు.

సంఘపెద్దలు విచారణ పెట్టారు. స్త్రీల సమాజం తరఫున నేనూ బెంచీ మీద కూర్చున్నాను. కూర్చోకుండా ఉండవచ్చు కదా? కూర్చున్నాను. "ఎవరు పొమ్మన్నారమ్మా నిన్ను?" అని పాదిరిగారు అడిగారు. శాంతమ్మ నా వైపు చూసింది. ఒక్కసారే. ఆ చూపులో నేరం మోపడం లేదు, చెప్పమంటావా అని అడగడం ఉంది. నేను పాదిరిగారి వైపు తిరిగి, "చదువు లేని మనిషి, ఎవరేం చెబితే అది నమ్ముతుంది" అన్నాను. ఆమె తల దించుకుని, "నా అంతట నేనే పోతినయ్యా" అంది. ఆ తరువాత దూడ కథ ఎత్తుకుని అరగంట గద్దించాను. నా నోరు అంత బాగా ఏనాడూ ఆడలేదు.

ఏడాది పాటు ఆమెను, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు దూరం పెట్టారు. అందరి ముందు నిలబెట్టి ఒప్పించారు. ఆమె ఏడ్చింది. అది పశ్చాత్తాపమన్నారు.

ఎందుకు చెప్పలేదు? మిషన్ బడిలో ఉద్యోగం పోతుందనా? కొన్నేళ్లు ఆ సాకు నాకు సరిపోయింది. నిజానికి నాకు పోతుందనిపించింది ఇంకొకరిని గద్దించే హక్కు. అది లేకపోతే నేనెవరిని? ఏదెను తోటలో దేవుడికి పట్టుబడ్డ మొదటి మగవాడిని, నేరం ఆడదాని మీదికి నెట్టాడని నేను తరగతిలో ఎన్నిసార్లు ఎగతాళి చేశానో. కనీసం అతను పండు తిన్నానని ఒప్పుకున్నాడు. నేను అదీ చేయలేదు.

ప్రవక్తలందరూ తిరిగి రండి, తిరిగి రండి అనే కదా మొత్తుకున్నారు. పొరుగువాడికి చేసిన అన్యాయాన్ని ముందు సరిదిద్దు, ఆ తరువాతే బలి తీసుకురమ్మని ధర్మశాస్త్రం. దీన్ని నల్లబల్ల మీద రాసి పిల్లలకు వల్లె వేయించాను. నేను మాత్రం శాంతమ్మ ఇంటి ముందు నుంచే, ఆగకుండా, ప్రతి ఆదివారం చర్చికి నడిచాను. దేవుడి దగ్గర ఏడ్చాను, అబద్ధం కాదు. కన్నీళ్లు నిజమైనవే. కానీ ఆయన దగ్గర ఏడవడం సులభం. ఆయన ఊళ్లో ఎవరికీ చెప్పడు.

పోయిన వారం పులివెందుల స్త్రీల సమాజం నుంచి ఉత్తరం వచ్చింది. పశ్చాత్తాపం గురించి మాట్లాడాలట, ఆ తోడికోడలి సాక్ష్యం తప్పక చెప్పాలట. రాను అని రాయబోయాను. అదీ దాక్కోవడమే అనిపించింది. అందుకే ఈ కాగితం పంపుతున్నాను. సభలో దీన్నే చదవండి. నా పేరు రాయలేదు. ఆ కథ తెలిసినవాళ్లందరికీ నేనెవరో తెలుసు. క్షమించమని ఇందులో అడగలేదు, మీరు చేయగలిగింది కూడా కాదు. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే.

ఒక్క సంగతి మాత్రం నాకు తేలడం లేదు. ఆ ఏడాది గడువు తీరి పదేళ్లయింది. శాంతమ్మ వానొచ్చినా, జ్వరమొచ్చినా చర్చి మానలేదు. వెనక గోడకు ఆనుకుని పాటలన్నీ పాడుతుంది. రొట్టె, పాత్ర వచ్చే వేళకు మాత్రం లేచి బయటికి పోతుంది. వినయమంటారు అందరూ. నేను నమ్మను. ఆమె వద్దంటున్నది దేవుడి బల్లనా, దాని ముందు మొదటి వరుసలో మోకరించే నా పక్కన చోటునా?