మర్యాద ట్రైనింగులో నా తాళంచెవుల గుత్తి

మర్యాద నేర్చుకోమని కుర్చీ వేసి కూర్చోబెట్టిన రోజునే నేను నేర్పేవాడికి తాళం వేశాను. మాటవరసకు అనడం లేదు. నిజం తాళమే, ఇత్తడిది. వేశాక లాగి చూశాను కూడా. ఆ గోల చెబుతాను, వినండి. నవ్వొస్తే నవ్వండి గానీ మా ప్రిన్సిపాల్ సారు ఎదుట మాత్రం వద్దు. ఆ రోజు గుర్తొస్తే ఆయన ఇప్పటికీ బీపీ గోలీ కోసం జేబులు తడుముకుంటాడు.

నా పేరు లచ్చవ్వ. బోధన్ దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో ఆయాను. మా ఆయన చెరకు బండ్లు తోలేవాడు. ఆయన పోయాక బీడీలు చుట్టి చుట్టి వేళ్లు అరిగిపోతే ఈ కొలువులో చేరాను. గంట కొట్టడం, గదులు తెరవడం, నీళ్లు పట్టడం నా పని. ఎవరూ చెప్పని పని ఇంకొకటి నాకు నేనే నెత్తిన పెట్టుకున్నాను. కొడుక్కి హాల్‌టికెట్ ఇవ్వలేదని ఏ తండ్రైనా చెరకు తోటలోంచి నేరుగా వచ్చి ఆఫీసులో కేకలేస్తే, రెక్క పట్టుకుని తీసుకుపోయి ఆటసామాను గదిలో కూర్చోబెట్టి, బయట తాళం వేసేదాన్ని. ఒక క్లాసు అయ్యాక తలుపు తీస్తే మనిషి గొర్రెపిల్లలా బయటికొచ్చేవాడు.

"లోపల ఏం మందు పెట్టినవక్కా?" అనేవాడు వాచ్‌మన్ గంగారాం.

"కుండల నీళ్లు, కండ్ల ముంగట చీకటి. గంతే."

అంతా బాగానే నడిచేది. ఒకసారి అలా చల్లార్చిన పెద్దమనిషి సర్పంచ్ బావమరిదని తేలింది. ప్రిన్సిపాల్ సారు నన్ను పిలిచి వేలు చూపించాడు.

"లచ్చవ్వా, ఇంకొకర్ని రూముల పెట్టినవంటే నీ కొలువు పాయె. హైదరాబాద్ నుంచి ట్రైనింగ్ సార్ వస్తున్నడు. లెక్చరర్లకు, స్టాఫుకు, అందరికి రెండు రోజులు. వచ్చినోళ్లతోని మర్యాదగ ఎట్లుండాల్నో నేర్పుతడు. సర్టిఫికెట్ తెచ్చుకున్నవా, ఉంటవు. లేకుంటే ఇంటికాడ కూసో."

"కూసుంట సారూ. నోట్ల నాలుక లేనట్టే కూసుంట."

నాలుకను ఆపగలను. కాళ్లను ఎవరు ఆపాలి?

ట్రైనింగ్ సారు వచ్చాడు. నల్లకోటు, దళసరి కళ్లద్దాలు, దూడ మెడకు పలుపు కట్టినట్టు చారల టై. "ఓపికతో వినడమే మర్యాదకు మొదటి మెట్టు" అని పుస్తకంలో మాటలు మొదలుపెట్టాడు. నేను గంగారాం పక్కన వెనక వరసలో కూర్చున్నాను. వేళ్లు ఊరుకోక కొంగు చివరను చుట్టి చుట్టి బీడీ చేసేశాయి.

"ఇంక దారం కట్టక్కా" అన్నాడు గంగారాం.

చెవిలో నీళ్ల ట్యాంకు పొర్లుతున్న చప్పుడు. లేచి పోయి చూస్తే సగం కూడా నిండలేదు. వచ్చి కూర్చున్నాను. గేటు దగ్గర మేక అరిచినట్టయింది. మళ్లీ లేచాను. మేకా లేదు, మేక తోకా లేదు.

"అమ్మా, మీరు ఇంకా ఎన్నిసార్లు లేస్తారు?" అన్నాడు సారు.

"గిదే ఆఖరు సారూ. చాయ్ తెస్త."

ఆ ఆఖరిదే కొంప ముంచింది. నేను చాయ్ దగ్గర ఉండగా లోపల సారు అందరికీ చెప్పాడట: "ఇప్పుడు నేను కోపంగా వచ్చిన తండ్రిని. సుజాత మేడమ్ ఆఫీసు క్లర్కు. ఆమె నన్ను ఎలా శాంతపరుస్తుందో చూడండి." కోటు విప్పి కుర్చీకి తగిలించి, టై, కళ్లద్దాలు జేబులో కుక్కి, గంగారాం రుమాలు తలకు చుట్టుకున్నాడట. ఇది ఇప్పుడు మీకు తెలుసు. అప్పుడు నాకు తెలియదు.

చాయ్ పళ్లెంతో వచ్చేసరికి ఎవడో రుమాలు వాడు బల్ల గుద్దుతున్నాడు.

"నా బిడ్డకు హాల్‌టికెట్ ఎందుకియ్యరు? ఎవలనుకుంటున్రు నన్ను? ఒక్కొక్కల సంగతి సూస్త!"

మాట అచ్చం మా పక్కనున్న నవీపేట్ మాట. ఎదురుగా మా తెలుగు మేడమ్ సుజాతమ్మ. నెలలు నిండుతున్న మనిషి, రోజూ తన డబ్బాలో కూర నాకు పెట్టే తల్లి. "అయ్యా, ముందు కూర్చోండి" అంటూనే వెనక్కి వెనక్కి జరుగుతోంది. ఇంతమంది చదువుకున్నవాళ్లూ పెళ్లిచూపులకు వచ్చినట్టు చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తున్నారు. ప్రిన్సిపాల్ సారేమో ఏదో ఫోను వచ్చి తన గదికి పోయాడు.

నాకు ఆయన వేలు గుర్తొచ్చింది. కొలువు గుర్తొచ్చింది. నిలబడిపోయాను. ఇంతలో వాడు మళ్లీ బల్ల గుద్దాడు. మేడమ్ ఉలిక్కిపడి కడుపు మీద చెయ్యి వేసుకుంది. పోతే పోనీ కొలువు అనుకుని పళ్లెం కింద పెట్టాను.

"ఏయ్! ఎవల్రా నువ్వు? కడుపుతోని ఉన్న పిల్ల మీద ఒర్లుతున్నవ్?"

వాడు నన్ను చూసి ఇంకా ఉత్సాహపడ్డాడు. "నడుమ నువ్వెవలే?"

"నేనెవల్నో సూపెడ్త దా!"

రెక్క పట్టి లాగాను. హాలంతా చప్పట్లు! వరండాలోకి వచ్చాక వాడి ఉత్సాహం తగ్గింది. "అమ్మా, చాలు. చాలా బాగా చేశారు" అన్నాడు. ఆటసామాను గది దగ్గరికొచ్చేసరికి "అవ్వా, నేను ట్రైనింగ్ సార్నే!" అన్నాడు.

"నువ్వు ట్రైనింగ్ సారువైతే నేను కలెక్టర్ను." తోశాను, తాళం వేశాను.

తిరిగొస్తే మళ్లీ చప్పట్లు. "అవ్వా, ఇరగదీసినవ్! ఇద్దరు ముందే ప్రాక్టీస్ చేసిన్రా?" అన్నాడు లెక్కల సారు.

"ప్రాక్టీస్ ఎందుకు సారూ, నాకు గిది అలవాటే" అన్నాను గొప్పగా.

చాయ్‌లు అయిపోయాయి. ట్రైనింగ్ సారు జాడ లేదు. కుర్చీకి తగిలించిన కోటులో ఫోను మోగి మోగి ఊరుకుంది. మొహం కడుక్కుంటున్నాడేమో అన్నారు. కొత్త మనిషి దారి తప్పాడేమోనని ఆయన చాయ్ పట్టుకుని నేనే బయల్దేరాను. లైబ్రరీలో చూశాను, గేటు దాకా పోయాను, బాత్‌రూముల ముందు నిలబడి "సారూ" అని పిలిచాను. చివరికి ఆటసామాను గది దగ్గరికొచ్చాను. లోపలి నుంచి తలుపు దబదబ మోగుతోంది.

"అవ్వా, నీ కాల్మొక్త, తలుపు తియ్యే! మాది నవీపేటే!"

"సప్పుడు చెయ్యకు. ఒర్రితే ఇంకో గంట. గిటు దిక్కు టై కట్టుకున్న సారు ఒకాయన వచ్చిండా? చాయ్ సల్లారిపోతున్నది."

లోపల ఏదో తడుముకుంటున్న చప్పుడు. తరువాత తలుపు కింది సందులోంచి చారల టై ఒకటి పాములా మెల్లగా బయటికి పాకింది.

పొద్దున ట్రైనింగ్ సారు మెడలో చూసిన టై అదే. వెనక్కి తిరిగితే ప్రిన్సిపాల్ సారు. ఆయన చూపు ముందు టై మీద పడింది, తరువాత నా నడుముకున్న గుత్తి మీద.

"లచ్చవ్వా, తాళం తియ్యి."

తీశాను. రుమాలుకు బూజు, భుజాన వాలీబాల్ నెట్టు, చేపల వలలోంచి లేచినట్టు వచ్చాడు ట్రైనింగ్ సారు. నా చేతిలో చాయ్ లాక్కుని ఒక్క గుక్కలో తాగేశాడు.

"మాఫ్ చెయ్యిన్రి సార్. రేపటిసంది ఈమె ఉండదు" అన్నాడు ప్రిన్సిపాల్ సారు. "సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే కొలువన్న. గిట్ల చేసినామెకు ఎవరిస్తరు?"

నా కళ్లు నేల చూస్తున్నాయి. వేళ్లు మళ్లీ కొంగు చుట్టడం మొదలుపెట్టాయి.

"నేనిస్త సార్" అన్నాడు ట్రైనింగ్ సారు. పుస్తకం మాటలు ఆ గదిలోనే రాలిపోయినట్టున్నాయి. "రేపటిదాంక ఎందుకు, ఇప్పుడే ఇస్త. పెన్నియ్యిన్రి."

"అయ్యో సార్, ఈమె పాసెట్లయితది?"

"ఫెయిలయితే మళ్ల నేర్పనీకి నేనే రావాలె గద!"

హాల్లోకి పోయి సర్టిఫికెట్ల కట్టలోంచి ఒకటి లాగి, నిలబడే సంతకం పెట్టాడు. సర్టిఫికెట్ తెస్తే ఉంటావని తానే అన్న మాట కదా, ప్రిన్సిపాల్ సారుకు నన్ను ఉంచక తప్పలేదు. మా కాలేజీలో మర్యాద సర్టిఫికెట్ అందరికంటే ముందు అందుకున్నది నేనే. దాన్ని ఫ్రేము కట్టించి ఆటసామాను గది తలుపుకే తగిలించాను.

అందుకని నా తాళంచెవుల గుత్తి మీద ఒట్టేసి అందరి ముందూ చెబుతున్నాను: ఇకమీదట ఎంతటి కోపిష్ఠి వచ్చినా గదిలో పెట్టి తాళం వేయను. చెయ్యి ఊరుకోక ఎప్పుడైనా వేయవలసి వచ్చిందే అనుకోండి, జేబులో టై ఉందేమో తడిమి చూడకుండా మాత్రం వేయనే వేయను.