గుమ్మం పక్క చోటు

మొన్న ఆదివారం మండవల్లిలో మా చర్చిలో ఆడవాళ్ళ వైపు చాపలు తీసేసి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. అందరూ ఫ్యాన్ల కిందకి చేరిపోగా గుమ్మం పక్క కుర్చీ ఒక్కటే ఖాళీగా మిగిలింది. 

అది మా అమ్మ చోటు. ఏళ్ళ తరబడి ఆ చాప చివరనే కూర్చుని, పాట మధ్యలో లేచి బయటికి వెళ్ళి వచ్చేది. మేమేమో అణకువ అనుకుని మురిసిపోయేవాళ్ళం. బస్సెక్కే రోజున పొద్దుటినుంచీ గుక్కెడు నీళ్ళు ముట్టకపోతే వాంతుల భయమనుకున్నాం. పచ్చి బాలింతగా ఊడ్పులకు వంగిన ఒళ్ళు కదా, గర్భసంచి జారి, దగ్గినా తుమ్మినా చీర తడిసిపోయేదట. రెండువేల సంవత్సరం దాటాక, ముట్లుడిగిన ఎన్నో ఏళ్ళకు మళ్ళీ రక్తం కనబడి ఏలూరు ఆసుపత్రికి తీసుకెళితే గానీ ఆ సంగతి మాకు తెలియలేదు.

లోపలి ముక్క తీసి చేసిన పరీక్షలో గర్భసంచి కేన్సరని తేలింది.  గర్భసంచి తీసేటప్పుడే జారిన మూత్రసంచిని కూడా పైకెత్తి కుట్టేయవచ్చని, మత్తు ఒక్కసారి ఇస్తే సరిపోతుందని, కాకపోతే ఎక్కువసేపు పడుతుందని, షుగరు మనిషి కాబట్టి ప్రమాదం లేకపోలేదని డాక్టరమ్మగారు దాచకుండా చెప్పారు. ముందు ప్రాణం దక్కితే చాలు, రెండోది తర్వాత చూద్దామన్నారు నాన్న. నేనూ ఆయన వైపే. అంతవరకూ తల వంచుకున్న అమ్మ డాక్టరమ్మగారి చెయ్యి పట్టుకుంది.

“రెండూ చేసేయండమ్మా. నన్ను బతికించి మళ్ళీ ఆ గుమ్మం పక్కకే పంపుతారా ఏవిటండీ?”

నాన్న రెండింటికీ సంతకం పెట్టేశారు.

ఆపరేషను రోజున చెప్పిన టైము దాటిపోయింది. థియేటరు తలుపు కదిలినప్పుడల్లా నాన్న లేచి నిలబడేవారు. నర్సు పరుగున వచ్చి, ఇంకో రక్తం సీసా కావాలని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. ప్రార్థన మొదలుపెట్టి మధ్యలోనే ఆపేశాను. అమ్మకు ఏమైనా అయితే ఆ రెండో ఆపరేషను వల్లే అయిందని బతికినంతకాలం అనుకోవాలి కదా అన్న ఒక్క భయమే అడ్డం పడింది.

అమ్మ తిరిగొచ్చింది. మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు బస్సులో సీసాడు నీళ్ళూ తాగేసింది. కుట్లు మానాక వచ్చిన ఆదివారం అందరినీ దాటుకుంటూ వెళ్ళి మొదటి చాప మీద కూర్చుంది. ఎక్కడ లేస్తుందోనన్న బెంగతో నేను ఆవిడ వీపే చూస్తూ ఉండిపోయాను. ప్రసంగం అయ్యేదాకా అమ్మ లేవలేదు.

ఇప్పుడు అమ్మ లేదు, ఆ చాపలూ లేవు. ఇప్పటి ఆడపిల్లలు ఏదైనా డాక్టరుకి చెప్పుకోగలరని, ఆ రోజులు పోయాయని అనుకుంటూ ఉన్నాను. ఇంతలో మా వీధిలోని కొత్త బాలింత ఆలస్యంగా వచ్చి ఆ గుమ్మం పక్క కుర్చీలో కూర్చుంది. పాట మధ్యలో లేచి బయటికి వెళ్ళింది. ఆ పిల్ల తిరిగొచ్చేసరికి నేను ఫ్యాను వదిలేసి నా కుర్చీని ఆమె పక్కకి జరుపుకున్నాను.